రాజ్మా లేని రాజ్యాంగం

ఆ శనివారం ఉదయం ప్రొఫెసర్ రాయ్స్ కెటిల్‌మన్ పెద్ద కుండలో గొడ్డుమాంసం, ఎండుమిరపకాయలు వేసి, మంట తగ్గించి, ఇక పోటీలో గెలిచినవాళ్ళకిచ్చే వెండి గరిటె తనదే అనుకున్నాడు. మధ్యాహ్నం లా కాలేజీ పచ్చికలో చిల్లీ అనే ఆ కారం కూర వంటల పోటీ. అతను ఒక్కసారీ గెలవలేదు. వచ్చే నెల రిటైరవుతున్నాడు కనుక ఇదే ఆఖరి అవకాశం.

పోటీకి ఉన్నది ఒకే నియమం: చిల్లీ మాత్రమే తేవాలి. కుర్ర లెక్చరరుగా ఉన్నప్పుడు అది రాసింది రాయ్సే. రాజ్యాంగమైనా వంటల పోటీ అయినా, రాసిననాడు జనం చెప్పుకున్న అర్థమే చివరిదాకా అర్థమని అతని సిద్ధాంతం. ఆనాటి టెక్సస్ చిల్లీలో రాజ్మా లేదు కాబట్టి ఇప్పుడూ ఉండకూడదు. కాలంతోపాటు అర్థమూ ఎదగాలనే ప్రొఫెసర్ ఒడెస్సా బ్రాంట్లీ, పంతం కొద్దీ ఏటా రాజ్మా వేసే వండుకొచ్చేది. రాయ్స్ ఏటా ఆమె కుండను రుచైనా చూడనివ్వకుండా పక్కన పెట్టించేవాడు.

ఆ ఉదయం రాజ్యాంగం మీద ఒడెస్సాతో వాదించడానికి రాయ్స్ కాలేజీలో చర్చాసభకు వెళ్ళగానే డీన్ ఇంటికి ఫోన్ చేశాడు. పాత విద్యార్థులు బస్సునిండా వస్తున్నారట. జడ్జిగా పనిచేసి రిటైరైన రాయ్స్ భార్య లోరీన్ కుండలోకి తొంగిచూసింది. మాంసం చాలదు. ఇంట్లో ఉన్న రాజ్మా అంతా ఉడికించి అందులో కుమ్మరించి, కుండను నేరుగా పచ్చికకు చేర్పించింది.

అందరి ముందూ రాయ్స్ మూత తీశాడు.

"రాయ్స్, ఆ తేలుతున్నవేమిటి?" అంది ఒడెస్సా.

పొరపాటని ఒప్పుకుంటే పోయేది. కానీ ఒప్పుకోవడం అతని రక్తంలో లేదు.

"రాజ్మా! అయితే ఏం? కాలం మారింది, అతిథులు పెరిగారు. అర్థం కూడా పెరగాలి!"

విద్యార్థుల ఫోన్లన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. చర్చాసభ నుంచి ఇటు వచ్చినవాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

"పొద్దున నన్ను ఇదే మాటకి ఉతికి ఆరేశావు కదయ్యా!" అంది ఒడెస్సా. "కుదరదు. రాసిననాటి అర్థమే అర్థం!"

"రాసింది నేనేనమ్మా! నా ఉద్దేశం నాకు తెలియదా?"

"రాసినవాడి ఉద్దేశంతో పనిలేదని నీ పుస్తకంలోనే ఉంది. ఆనాటి జనం ఏమనుకున్నారో చెప్పు."

"ఆనాటివాళ్ళు ఇక్కడెవరున్నారు?" అన్నాడు డీన్, తలపట్టుకుని.

"నేనున్నాను" అంది లోరీన్. "అప్పుడు నేనూ ఇక్కడే లెక్చరర్ని. మొదటి ఏడాది గరిటె నాదే. ఆ చిల్లీలో రాజ్మా మెత్తగా రుబ్బి కలిపాను. అడిగినవాళ్ళందరికీ చెప్పాను కూడా. ఒక్కరూ ఇది చిల్లీ కాదనలేదు. ఈయనైతే మూడు గిన్నెలు లాగించి, అసలు సిసలు చిల్లీ ఇదేనని, మర్నాడే నన్ను పెళ్ళాడతానన్నాడు."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు రాయ్స్.

"పాత నిఘంటువులన్నీ తిరగేశావు. పెళ్ళాన్ని ఒక్కసారైనా అడిగావా?"

అంతలోనే రాయ్స్ ముఖం వెలిగింది. "అంటే రాసిననాడే చిల్లీలో రాజ్మా ఉంది! నా కుండ చెల్లుతుంది! నా సిద్ధాంతమే గెలిచింది!"

"గెలిచింది" అంది ఒడెస్సా. "మరి ఏటేటా నువ్వు పక్కన పెట్టించిన నా కుండల సంగతి? అవీ చెల్లినట్టేగా. ఇవాళైనా నా కుండ రుచి చూడండి!"

చూశారు. రెండోసారి వడ్డించుకున్నారు. రాయ్స్ కూడా, ఎవరూ చూడటం లేదనుకుని, గిన్నె నాకాడు. వెండి గరిటె ఒడెస్సా చేతికి వెళ్ళింది. ఆమె దాన్ని కత్తిలా పైకెత్తి పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగినా తుడుచుకోలేదు.

"నేను ఒప్పుకోను! అప్పీలు చేస్తాను!" అని అరిచాడు రాయ్స్.

లోరీన్ అడుగంటిన కుండ తోమమని అతని చేతిలో పెట్టి, కేసు కొట్టేసింది.