మంకీ క్యాప్ సాంటా

డిసెంబరు ఇరవై నాలుగున పొద్దున్నే సూర్యం వేసుకున్న పథకం చాలా సులువైనది. సాక్చీ బజారుకి వెళ్ళి ఎర్ర రంగు డబ్బా తేవడం, తను చెక్కిన సాంటా బొమ్మకి పూయడం, సాయంత్రానికల్లా స్నేహితుడు అగస్టిన్‌కి అప్పగించడం. ఇంత చిన్న పథకాన్ని పాడుచేయడం ఎవరి తరమూ కాదని అతని నమ్మకం. సూర్యానికి తన మీద ఉన్న నమ్మకాల్లో ఇది చిన్నదే.

జంషెడ్‌పూర్ ఉక్కు ప్లాంటులో క్రేన్ నడపడం అతని ఉద్యోగం, చెక్కబొమ్మలు చెక్కడం అతని ప్రాణం. చిక్కల్లా ఏమిటంటే, అతను చెక్కిందేమిటో అతను చెప్పేదాకా ఎవరికీ తెలిసేది కాదు. నెమలిని చెక్కితే కోడి భలే ఉందన్నారు. పోయిన ఏడాది అగస్టిన్ వాళ్ళ చర్చిలో క్రిస్మస్‌కి కట్టే, యేసు పుట్టిన పశువుల పాక కోసం గొర్రెపిల్లను చెక్కి ఇస్తే, పిల్లలంతా కుక్కపిల్ల అని ముద్దుచేశారు.

అగస్టిన్ అతనితో పాటు ప్లాంటులో పనిచేసేవాడు. ఈసారి చర్చి గేటు ముందు పెట్టడానికి గాలి ఊదే ప్లాస్టిక్ సాంటాను కొందామని చర్చివాళ్ళు అనుకుంటుంటే సూర్యానికి రోషం వచ్చింది. "నడుమెత్తు సాంటాని నేను సెక్కుతాను. ఇరవై నాలుగు సాయంత్రానికి మీ గేటు ముందు నిలబెట్టకపోతే ఈ జన్మలో ఉలి ముట్టను" అని అందరి ముందూ ఒట్టేశాడు. ఆ ఒట్టు విని అతని భార్య కల్యాణి సంతోషం దాచుకోలేకపోయింది. ఇల్లంతా చెక్కపొట్టు ఊడ్చేది ఆవిడే మరి.

కానీ సాంటా నిజంగానే కుదిరాడు. గుబురు గెడ్డం, బొజ్జ, భుజాన మూట, మెడకు మఫ్లర్, కాళ్ళకు డ్యూటీ బూట్లు, నెత్తిన మంకీ క్యాప్.

"టోపీ ఇదేటి భయ్యా?" అన్నాడు అగస్టిన్, చూసిన రోజున.

"జంషెడ్‌పూర్ సలిలో రాత్రంతా తిరగాలంటే మరేటి పెట్టుకుంటాడు?" అన్నాడు సూర్యం.

ఆ పొద్దున కల్యాణి కుట్టు నేర్పడానికి కాసిడీహ్ వెళ్ళిపోయింది. ఇంట్లో మిగిలింది ముందురోజే శ్రీకాకుళం నుంచి వచ్చిన అత్తగారు సన్యాసమ్మ. సూర్యం సాంటాను వరండాలో పీట మీద నిలబెట్టి, "అత్తా, ఈ ముసిలాయన్ని కాసింత సూత్తుండు. ఎవుర్నీ ముట్టుకోనీకు. నా పరువంతా ఈయన సేతిలోనే ఉంది" అని చెప్పి స్కూటర్ ఎక్కాడు. ఆయన ఎవరో మాత్రం చెప్పలేదు. చూస్తే తెలియదా అని అతని ధీమా.

సన్యాసమ్మకు చూడగానే తెలిసింది, దేవుడని. వాళ్ళ ఊళ్ళో అమ్మవారి పండక్కి చెక్కబొమ్మ కొత్తగా వస్తే, ఎండెక్కకముందే ఇంటి పెద్దావిడ పసుపు కుంకుమలు పెట్టాలి. బోసిగా వదిలేయడం మహాపాపం. అల్లుడు మగాడు, ఇవన్నీ ఎక్కడ పట్టించుకుంటాడులే అనుకుని ఆవిడ పళ్ళెం తెచ్చుకుంది. ముఖానికి పసుపు రాసింది. కుంకుమను నూనెలో కలిపి ఒళ్ళంతా పట్టించింది. ముసలి దేవుడు కదా అని గెడ్డానికి విబూది అద్దింది.

పక్కింటి బంగారమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "ఏ దేవుడు పిన్నీ?"

"కార్కానా దేవుడనుకుంటానే."

"విశ్వకర్మా? మరి ఆయనెక్కే ఏనుగేది?"

"మూటలో ఉంటాదిలే" అంది సన్యాసమ్మ తడుముకోకుండా.

బంగారమ్మ కొబ్బరికాయ తెచ్చింది. కొడుకు సౌరభ్‌కి ఉద్యోగం వస్తే ఉగాదికి కోడిని ఇస్తానని మొక్కి కాయ కొట్టింది. అది ఇలా పగిలిందో లేదో ఫోను మోగింది. "మమ్మీ, హో గయా! నౌకరీ మిల్ గయీ!" అని సౌరభ్ కేక, ఉద్యోగం దొరికిందని. బంగారమ్మ ఏడుస్తూ వీధిలోకి పరుగెత్తింది. గంట తిరిగేసరికి వీధి వీధంతా బంతిపూలతో వచ్చి చేరింది.

అవతల సూర్యానికి ఎర్ర రంగు దొరకలేదు. సాక్చీలో అయిపోయింది, గోవింద్‌పూర్ దాకా వెళ్ళినా లేదు. చివరికి నీలం డబ్బా కొన్నాడు. సాంటా నీలంగా ఎందుకు ఉండకూడదు, కళాకారుడికి ఆ మాత్రం స్వేచ్ఛ లేదా అని దారి పొడవునా తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఇంటి ముందు చెప్పుల గుట్ట కనిపించింది. అత్తకేమైనా అయిందేమోనని జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్తే, అత్త హారతి పడుతోంది. మెడ దాకా పూలలో మునిగి సాంటా నవ్వుతున్నాడు.

నోరు తెరవబోయాడు. అంతలో వెనకనుంచి ఒకావిడ, "ఎవురు సెక్కినారో గానీ, ఆ కళ్ళల్లో దయ సూడండి" అంది.

సూర్యం నోరు మూసుకున్నాడు. ఇన్నేళ్ళలో అతని బొమ్మను చూసి ఎవరూ అలా అనలేదు. కళ్ళు చెమర్చాయి. "నేనే" అన్నాడు మెల్లగా. అందరూ అతనికీ ఓ దండం పెట్టారు. కాదనలేకపోయాడు.

కాసేపటికి ఒట్టు గుర్తొచ్చి బొమ్మ మీద చెయ్యి వేశాడు. సన్యాసమ్మ ఆ చెయ్యి పట్టేసుకుంది. "ఏటి బాబూ ఇది? బంగారమ్మ మొక్కు తీరాల గదా. ఉగాది దాకా ఆయన గడప దాటకూడదు."

"ఉగాదా?" సూర్యం నీలం డబ్బాతో సహా కూలబడ్డాడు. అప్పుడే వచ్చిన కల్యాణి, సంగతంతా విని, ఇక అటకెక్కించేయడానికి ఉలి పెట్టె వెతుక్కుంటూ లోపలికి వెళ్ళింది.

ఇంతలో ఆటో ఆగింది. అగస్టిన్ దిగి జనాన్ని చూసి మురిసిపోయాడు. "వాహ్ భయ్యా! మా సాంటాని సూడ్డానికి ఇంత జనమా?"

"మీ దేవుడా?" అంది సన్యాసమ్మ.

"దేవుడు కాదమ్మా, మంచి ముసిలాయన. రాత్రి ఇంటింటికీ ఎల్లి పిల్లలకి బహుమతులు ఇత్తాడు."

"మొక్కుకుంటేనా?"

"అడక్కుండానే."

"తిరిగి ఏటి పుచ్చుకుంటాడు?"

"ఏటీ పుచ్చుకోడు."

సన్యాసమ్మ బంగారమ్మ వైపు తిరిగింది. "ఇన్నావా? నీ కోడి మిగిలింది. ఏటీ పుచ్చుకోనోడికి మొక్కు బాకీ ఏటుంటాది? తీసుకెళ్ళండి బాబూ." ఒక్క క్షణం ఆగి, "ఒట్టినే కాదు, ఊరేగింపుగా" అంది.

అగస్టిన్ పూలదండలు తీయించాడు. కుంకుమ రంగు మాత్రం వదల్లేదు. పచ్చి చెక్క నూనెకుంకుమను పూర్తిగా తాగేసింది. సాంటాని ఎక్కించుకుని ఆటో ముందు నడిచింది, వెనక ఆడవాళ్ళంతా నడిచారు. ఆటోవాలా తన దగ్గరున్న ఒక్కగానొక్క పెళ్ళిపాట పెట్టాడు.

చర్చి గేటు దగ్గర, ఇక సూర్యం రాడనుకుని ప్లాస్టిక్ సాంటాకు గాలి కొడుతున్నారు. అది సగం నిండి పక్కకు వాలి ఉంది. ఆటోలోంచి ఎర్రకోటు, తెల్లగెడ్డం, మంకీ క్యాప్ దిగగానే పిల్లలంతా ఒక్కసారిగా "సాంటా!" అని అరిచారు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళే పోల్చుకున్నారు. సూర్యం గేటు పట్టుకుని నిలబడి, ఆ అరుపు ఆగేదాకా విన్నాడు.

"రంగు ఎంత బాగా పట్టిందండీ! ఎవరు వేశారు?" అన్నారు పాస్టరుగారు.

"మా అత్తగారండి" అన్నాడు సూర్యం. ఉలి దక్కిన ఆనందంలో ఆ మాత్రం కీర్తి పంచుకోవడానికి అతనికి అభ్యంతరం లేదు.

ఆ అత్తగారు అప్పటికే పశువుల పాక దగ్గర కుంకుమ భరిణె తీస్తోంది. అగస్టిన్ పరుగెత్తాడు.

"ఇంత మంచి నందిని మూలనెట్టేసినారేటి?" అంటోంది ఆవిడ, పోయిన ఏడాది గొర్రెపిల్లను చూపిస్తూ.

సూర్యం ఆవిణ్ణి సరిదిద్దలేదు. కుక్కపిల్లతో పోలిస్తే అది ప్రమోషనే.