ఇరవయ్యొకటో నాటి తొట్టెల

సూర్యాపేట వడ్ల వీరాచారి వడ్రంగంలో మంచి పనిమంతుడే. కాకపోతే గడువు నెత్తిమీదికొస్తేగాని ఉలి ముట్టడు. 1949లో ఆయనకు మొదటి మనవరాలు పుట్టింది. ఇరవయ్యొకటో నాడు పిల్లను తొట్టెలలో, అంటే చెక్క ఉయ్యాలలో, వేయాలి. వడ్లాయన ఇంట్లో పిల్లను చీర ఉయ్యాలలో వేస్తే, కూతురు నీల తన అత్తగారి ముందు తలెత్తుకోగలదా? పాపం, ఆయనకూ ఆ పిల్లంటే ప్రాణమే. ఏ కట్టె చూసినా దానికి తగదనిపించి, ఇరవై రోజులూ కట్టెలు చూస్తూనే గడిపేశాడు.

ఆ ఆదివారం పొద్దున చాయ తాగి, "రేపే గద! ఇగ షురూ చేస్త" అన్నాడు. అన్నాడో లేదో, కోదాడ బస్సు దిగి వియ్యంకుడు, వియ్యపురాలు సుందరమ్మ గుమ్మంలో నిలబడ్డారు.

"వేడుక రేపు గద వదినా?" అంది వీరాచారి భార్య ఈశ్వరమ్మ.

"రేపేంటి? పిల్ల మంగళవారం తెల్లారకముందే పుట్టిందిగా. పొద్దు పొడవకపోతే సోమవారం లెక్కే. ఇవ్వాళే ఇరవయ్యొకటి!"

ఉత్తరాల్లో ఎన్నో నాడో రాసుకున్నారు గానీ, ఏ వారమో ఒక్కరూ రాయలేదు.

ఈశ్వరమ్మ పరువు కాపాడబోయింది. "తొట్టెల ఎప్పుడో అయింది. పెరట్ల రంగు ఆరుతున్నది."

వెంటనే పెరట్లో వీరాచారి రంపం గుర్రుమంది.

"అదేం చప్పుడు?"

"పక్కింటాయన గురక."

అంతలో వీరాచారి లోపలికొచ్చి, "బావా, జర లేస్తవా?" అని వియ్యంకుడు కూర్చున్న బల్లనే ఎత్తుకుపోయాడు. సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. వాటిని గురక అంటే ఎవరు నమ్ముతారు? ఈశ్వరమ్మ గొంతెత్తి పాట అందుకుంది. పాటకు పిల్ల లేచి ఏడ్చింది. ఏడుపుకు ఇరుగుపొరుగంతా వచ్చారు. వచ్చినవాళ్లు ఊరుకుంటారా, తొట్టెల చూద్దామని కూర్చున్నారు. వాళ్లందరికీ వండిపెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. ఇక సుందరమ్మ ఆగలేక పెరట్లోకి నడిచింది.

వీరాచారి చెమటలో తడిసి ఉన్నాడు. పక్కన తొట్టెల! పైకమ్మికి చెక్కిన రెండు చిలకలు, అంచుకు చెక్కిన సన్నని తీగ. ఆయన చేతినుంచి అంత అందమైన పని ఎన్నడూ రాలేదు. కింది కోళ్లు మాత్రం వియ్యంకుడు కూర్చున్న బల్ల కాళ్లే. రంగు చుక్క కూడా లేదు.

"ఇప్పుడే చేసిన, చెల్లే" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "దానికి తగ్గ కట్టె దొరకలే."

"ఇవ్వాళ్టిదాకా కట్టే కొయ్యలేదా! ఇంత బాధ్యత లేకపోతే ఎలా అన్నయ్యా?" అని సుందరమ్మ కడిగేసింది. ఆయన తలొంచుకుని అంతా పడ్డాడు.

"సరే వదినా, పిల్లను తొట్టెల్ల ఏద్దాం. పేరు మీవోళ్లే పెట్టాలె గద, సెప్పుండ్రి" అంది ఈశ్వరమ్మ.

సుందరమ్మ మొగుడి వైపు చూసింది. ఆయన నేలచూపులు చూశాడు.

"బస్సులో ఆలోచిద్దామనుకున్నా. నిద్ర పట్టేసింది."

వీరాచారి ఒక్క ఉరుకున వెళ్లి ఆయనను కావలించుకున్నాడు.

ఆ పూటకు పిల్లను బుజ్జీ అని తొట్టెలలో వేశారు. అసలు పేరుకు బడిలో చేర్చే రోజుదాకా గడువు కావాలని కోదాడవాళ్లు అడిగారు.