చిలకమ్మ దీక్ష

కొత్తపేటలో తెలుగు భాష పూర్తిగా కోలుకుందని నవకిశోర టెక్నో స్కూలు కరస్పాండెంటు పాపారావుగారు తల్లిదండ్రుల సమావేశంలో ప్రకటించారు. అంతకుముందు దానికేం జబ్బు చేసిందని ఎవరూ అడగలేదు.

"పిల్లలకి తెలుగంటే విసుగండి. ఆ విసుగు పుట్టించేది పుస్తకమండి. అందుకని పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేయించేం. ఇప్పుడు విసుగన్నది లేదు," అన్నారాయన.

అందరూ చప్పట్లు కొట్టారు. తెలుగు టీచరు హారిక కూడా కొట్టింది. బండారులంకలో మగ్గం నేసే ఇంట్లో డిగ్రీ చేతికి తెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. పదిమంది చప్పట్లు కొట్టేచోట తనకేదైనా అర్థం కాకపోతే లోపం తనదేనని నమ్మే మనిషి.

పుస్తకాల స్థానంలోకి 'పలుకుచిలక' అనే యాప్ వచ్చింది. ప్రతి విద్యార్థి పేరునా ఫోనులో ఒక చిలక ఉంటుంది. రోజుకొక పాఠం పూర్తిచేస్తే దానికొక జామపండు. ఒక్కరోజు మానితే ఈకలు రాల్చుకుని కళ్లు మూస్తుంది. ఒక్క చిలక కళ్లు మూసినా క్లాసు మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. తొమ్మిదో తరగతి చిలకలన్నీ దసరా దాకా ప్రాణాలతో ఉంటే స్కూలుకు భాషావికాస పురస్కారం. పురస్కారం వస్తే హారిక ఉద్యోగం పర్మనెంటు. ఈ సంగతి పాపారావుగారు ఆమెకు రెండుసార్లు చెప్పారు, రెండోసారి తలుపు వేసి.

ఏ పాఠం చేసినా జామపండు ఒకటే కాబట్టి, అన్నిటికన్నా త్వరగా అయిపోయే మొదటి పాఠాన్నే అందరూ ఎంచుకున్నారు. అమ్మ బొమ్మ మీద ఒక నొక్కు, ఆవు బొమ్మ మీద ఒక నొక్కు. తొమ్మిదో తరగతి విద్యార్థులు అమ్మనూ ఆవునూ ఏమాత్రం తడబడకుండా గుర్తుపడుతున్నారని యాప్ కంపెనీవారు సంతోషం వెలిబుచ్చారు.

మరో ప్రాంతంలో అయితే దీన్ని ఆట అనుకునేవారు. రోజూ తప్పకుండా చేయవలసిందీ, మానితే అరిష్టం కలిగేదీ ఏమిటో కోనసీమవారికి ఒకరు చెప్పనక్కర్లేదు. వారం తిరక్కుండానే అది దీక్ష అయింది. ఇంత ముఖ్యమైన పనిని పిల్లలకు వదిలిపెట్టకూడదని ఇంటిలో పెద్దవాళ్లు తామే పూనుకున్నారు. తొమ్మిదో తరగతి చదివే బిందు వాళ్ల మామ్మ అచ్చయమ్మగారు తెల్లారగట్లే స్నానం చేసి, మడిబట్ట కట్టుకుని, చిలకకు జామపండు పెట్టేవారు. బిందు అప్పటికింకా దుప్పటిలోనే ఉండేది. శ్రావణమాసంలో బిందుకు 'తెలుగుతేజం' సర్టిఫికెట్టు వచ్చింది.

తరవాత ధర్మసందేహాలు మొదలయ్యాయి. మైలలో ఉన్నవాళ్లు చిలకను ముట్టుకోవచ్చా? పురోహితులు బాలగంగాధరంగారు ఆలోచించి, కూడదన్నారు.

"అయితే ఎలాగండీ? పదిరోజులు మానేస్తే చిలక దక్కదు కదండీ," అన్నాడు అడిగినాయన.

"గోత్రనామాలు చెప్పి ఫోను నాకిచ్చి వెళ్లు. మీ తరఫున నేను నొక్కుతాను."

"పుణ్యం మావాడికే వస్తుందాండీ?"

"పండు ఎవరు పెడితేనేం నాయనా, తినేది చిలకే కదా."

అప్పట్నించి పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లూ, తిరుపతి వెళ్లేవాళ్లూ, చివరికి ఊళ్లోనే ఉండి తీరికలేనివాళ్లూ ఫోనులు తెచ్చి ఆయన అరుగు మీద పెట్టసాగారు. ఆయన తమలపాకుల మీద వాటిని వరసగా పేర్చి, పేరు పేరునా సంకల్పం చెప్పి అమ్మను నొక్కేవారు, ఆవును నొక్కేవారు. దీన్ని పాపారావుగారు 'భాషాభ్యాసంలో సమాజ భాగస్వామ్యం' అన్న శీర్షిక కింద నివేదికలో చేర్పించారు.

ఒకరోజు హారిక బోర్డు మీద ఒక వాక్యం రాసి బిందును చదవమంది. బిందు గాలిలో వేలు ఆడిస్తూ అక్షరాలు కూడబలుక్కుని, సగంలో ఆగి, "బొమ్మ లేదాండీ?" అంది. హారిక తిన్నగా పాపారావుగారి గదికి వెళ్లింది.

"బిందుకి చదవడం రావట్లేదండి."

"ఎవరు చెప్పేరమ్మా?"

"నేనే చూశానండి."

"యాప్ ఏమంటోంది?"

"తెలుగుతేజం అంటోందండి."

"మరి మీరు ఇంకోలా అంటారేంటి? అంత పెద్ద కంపెనీవాళ్లకి తెలీదంటారా?"

"ఆయ్," అని హారిక వచ్చేసింది.

పురస్కారం దరఖాస్తుకు ఒక ఫోటో కావాలన్నారు. అందులో విద్యార్థిని చేతిలో పుస్తకం ఉండాలట. ఇదేం నిబంధనో పాపారావుగారికి అర్థం కాలేదు గాని, ఒక శనివారం బీరువా తెరిపించి, తెలుగుతేజాన్నే నిలబెట్టించారు. ఫోటోగ్రాఫరు కిటికీ తెర ఒకసారి తీసి, ఒకసారి వేసి, వెలుతురు కుదరక బయటకు వెళ్లి టీ తాగివచ్చాడు. అంతసేపూ బిందు ఊరికే నిలబడలేక మొదటి పేజీ మీద వేలు పెట్టింది. పడవ నడిపే ఒక అమ్మాయి కథ అది. ఫోటో అయ్యాక కూడా వేలు తియ్యలేదు.

"మేడంగారండీ, ఇది ఇంటికి పట్టికెళ్లొచ్చాండీ?"

హారిక బీరువా వైపు చూసింది, పాపారావుగారి గది తలుపు వైపు చూసింది. "పట్టికెళ్లమ్మా," అంది.

ఆ సాయంత్రం అచ్చయమ్మగారు వాడపల్లి వెంకన్న గుడికి బయల్దేరుతున్నారు. ఏడు శనివారాల మొక్కులో అది చివరి వారం. మడి హడావుడిలో పొద్దున్న చిలక పని మిగిలిపోయింది. "రావడం లేటవుతుందే. ఇవాళ్టికి నువ్వు నొక్కు," అని ఫోను బిందు పక్కన పెట్టి వెళ్లారు. బిందు వేలితో ఒక్కో మాటా తోసుకుంటూ చదివి, పుస్తకం గుండెల మీద పెట్టుకుని నిద్రపోయింది.

ఆదివారం పొద్దున్నకల్లా చిలక కళ్లు మూసింది. తొమ్మిదో తరగతి మొత్తం మొదటికి వచ్చింది. తల్లిదండ్రులు స్కూలు హాల్లో గుమిగూడారు. హారికను పిలిపించారు. బిందును నిలబెట్టారు.

"చిలకని ఎందుకు చూడలేదమ్మా?" అన్నారు పాపారావుగారు.

"పుస్తకం చదువుకుంటున్నానండి."

హాల్లో ఎవరో "అయ్యయ్యో" అన్నారు.

"ఎవరన్నా బలవంతపెట్టేరా?"

"లేదండి. పడవ గోదారి మధ్యలో ఉండగా తెడ్డు కొట్టుకుపోయిందండి. వదలబుద్ధి కాలేదండి."

అచ్చయమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "వేదం చదివిన వంశమండీ మాది. పిల్ల ఇలా పుస్తకాల పాలవుతుందని కల్లో కూడా అనుకోలేదు."

పాపారావుగారు హారిక వైపు తిరిగారు. "ఆ పుస్తకం ఈ పిల్ల చెప్పకుండా తీసుకెళ్లిపోయిందని రాసి సంతకం పెట్టండమ్మా. మీ ఉద్యోగానికి ఢోకా ఉండదు."

హారిక కాగితం తీసుకోలేదు. "నేనే ఇచ్చానండి," అని, బిందు వైపు తిరిగి, "తెడ్డు పోయిందాకా నువ్వే చదివేవా? ఎవరూ చెప్పకుండా?" అంది.

"ఆయ్. వేలు పెట్టి చదివేనండి."

హారిక నవ్వు ఆపుకుంది. ఆ సందర్భంలో నవ్వడం సభామర్యాద కాదు.

అదృష్టవశాత్తూ కంపెనీవారు దయామయులు. పోయిన చిలకకు ప్రాణదానం చేయడానికి వ్యాపార ప్రకటనలు చూస్తే చాలుననీ, క్లాసు లెక్క కూడా ఎప్పటిలా నిలుస్తుందనీ అన్నారు. ప్రాయశ్చిత్తంగా ఆ బాధ్యత హారికకు అప్పగించారు. పొద్దుగూకేదాకా ఆమె సబ్బులూ, బంగారం మీద అప్పులూ, బట్టతలకు మందులూ చూసింది. వాటిలో ఒక్కటీ తెలుగులో లేదు. చివరికి చిలక కళ్లు తెరిచి "వెల్‌కమ్ బ్యాక్" అంది. తెలుగు భాష రెండోసారి కోలుకుంది.

దసరాకు పురస్కారం వచ్చింది. జ్ఞాపికతోపాటు బహుమతిగా ఒక పెట్టెడు తెలుగు పుస్తకాలు ఇచ్చారు. పెట్టె విప్పి చూసి పాపారావుగారు ఖంగుతిన్నారు. వాటిని కూడా బీరువాలో పెట్టించి, ఒకసారి జరిగిన పొరపాటు మళ్లీ జరగకుండా, తాళంచెవిని అనుభవజ్ఞురాలైన మనిషికే ఇవ్వాలని నిర్ణయించారు. హారిక ఉద్యోగం పర్మనెంటయింది. పుస్తకాలు పిల్లల కంట పడకుండా కాపాడటం ఆమె విధి.

ఆమె ఆ విధిని శ్రద్ధగా నిర్వర్తిస్తోంది. "మొక్కుకుంటే చిలక బతికింది కదా మామ్మా, ఇంకో ఏడు వారాలు అనుకోరాదూ," అని బిందు నచ్చజెప్పడంతో అచ్చయమ్మగారు మళ్లీ వాడపల్లి వెళ్తున్నారు. శనివారాలు ఫోను తీసుకుని బిందు స్కూలుకు వస్తుంది. బీరువా పక్కన బల్ల మీద తొమ్మిదో తరగతి విద్యార్థిని పుస్తకం చదువుకుంటుంది. ఎదురుగా తెలుగు టీచరు కూచుని అమ్మను నొక్కుతుంది, ఆవును నొక్కుతుంది.

మీరు కూడా ఇంతదూరం చదివారు. ఇంతసేపట్లో మీ ఫోనులో ఎన్ని చిలకలు కళ్లు మూశాయో, ముందు అది చూసుకోండి.