జీతం పెరగకుండా బాగుపడటం ఎలా?

జీతం పెంచమని అడిగేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్ళకు లోకం తెలియదు. జీతం పెరిగితే మనిషికి ఏమొస్తుంది? ఖర్చొస్తుంది! ఖర్చు వెంట బద్ధకమొస్తుంది, బద్ధకం వెంట పొట్టొస్తుంది. అదే జీతం పెరగలేదనుకోండి, తెలివొస్తుంది. ఈ మూడేళ్ళలో నాకెంత తెలివొచ్చిందో చెబితే మీరు ముక్కున వేలేసుకుంటారు.

ముందు మా ఆఫీసు గురించి చెప్పాలి. మాది అట్టపెట్టెలు తయారుచేసే కంపెనీ. కింద మిషన్లు, పైన మేము. నేను బిల్లుల సెక్షన్లో పనిచేస్తాను. కింద పెద్ద మిషను తిరిగినప్పుడల్లా పైన మా టేబుళ్ళ మీద పెన్నులు వాటంతటవే నడుస్తాయి. జీతాలు మాత్రం పెట్టిన చోటే ఉన్నాయి.

మూడేళ్ళుగా ఇంక్రిమెంటు అడుగుతున్నాం. మిగతావాళ్ళ సంగతెలా ఉన్నా, ఆ ఇంక్రిమెంటుతో నాకొక పనుంది. మా ఆవిడకు ఎడమవైపు దవడపన్ను ఒకటి పుచ్చింది. పళ్ళ డాక్టరు లైటు వేసి చూసి, వేరు దాకా శుభ్రం చేసి పైన తొడుగు వేస్తే పన్ను నిలుస్తుందనీ, ఆలస్యం చేస్తే దక్కదనీ చెప్పాడు. ఖర్చెంతవుతుందో కూడా చెప్పాడు. ఆ మాట విన్నాక మా ఆవిడకు నొప్పి కాసేపు తగ్గిపోయింది.

"ఇంక్రిమెంటు రాగానే వేయించేద్దాం" అన్నాను.

"సరేలెండి, అందాకా కుడివైపు నములుతాను" అంది.

అప్పటినుంచీ మా ఇంట్లో ఇంక్రిమెంటు అనే మాట ఆవిడ చెంప చూసుకుంటూనే అనేవాణ్ణి.

పోయిన ఏడాది మేమందరం కలిసి మేనేజర్‌గారి గదిలోకి వెళ్ళి కాస్త గట్టిగానే అడిగాం. ఆయన మా మాటలన్నీ శ్రద్ధగా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ బాధ నాకర్థమైందండీ. మీకు కరువైంది డబ్బు కాదు, డబ్బు వాడుకునే తెలివి" అన్నారు. తరువాతి వారం నుంచి ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా మీటింగు హాల్లో 'పొదుపు గంట' మొదలైంది.

ఇలాంటి యాజమాన్యం ఎవరికి దొరుకుతుంది చెప్పండి! ఆకలేస్తోందంటే తిండి పెట్టి చేతులు దులుపుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. ఆకలిని ఎలా సద్వినియోగం చేసుకోవాలో నేర్పేవాళ్ళు ఎందరుంటారు?

పాఠాలు చెప్పడానికి ఒక నిపుణుణ్ణి పిలిపించారు. తెల్లబూట్లు, చెంప మీదికి వంగిన మైకు, ఎప్పుడూ చెదరని చిరునవ్వు. మావాళ్ళు మొదటిరోజే ఆయనకు 'చిల్లర గురువుగారు' అని పేరు పెట్టేశారు. ఆయన ఎక్కడో దూరం నుంచి కారులో వచ్చేవారు. ఇంజను ఆపితే తిరిగి ఎక్కేసరికి లోపల వేడెక్కిపోతుందని, పాఠం అయ్యేదాకా డ్రైవరు బండిని ఆన్‌లోనే ఉంచేవాడు. ఆయన వస్తేనే మా హాల్లో ఏసీ వేసేవారు. కాబట్టి ఆయన పొదుపు గురించి చెప్పినంతసేపూ మాకు చల్లగా ఉండేది.

మొదటి పాఠం, జీతాన్ని మూడు భాగాలు చేయడం. ఒకటి అవసరాలకు, ఒకటి సరదాలకు, ఒకటి భవిష్యత్తుకు. నేను ఇంటికెళ్ళి మూడు రేకు డబ్బాలు కడిగి, తుడిచి, మా ఆవిడ ముందు వరసగా పెట్టాను. ఆవిడ జీతమంతా మొదటి డబ్బాలో వేసింది. ఇంటద్దె, పిల్ల స్కూలు ఫీజు, నెల సరుకులు అని లెక్కేసుకుంటే ఆ డబ్బాకే ఇంకాస్త కావాల్సొచ్చింది.

"మిగతా రెండింట్లో ఏం వేయమంటారు?" అని అడిగింది.

నేను గురువుగారు చెప్పింది గుర్తుచేసుకుంటూ నిలబడ్డాను. నేను గుర్తుచేసుకునే లోపే ఆవిడ సరదాల డబ్బాలో ఊడిన గుండీలు, భవిష్యత్తు డబ్బాలో పంటినొప్పి మాత్రలు వేసి మూతలు పెట్టేసింది. మొత్తానికి ఏ డబ్బా ఖాళీగా లేదు కాబట్టి, గురువుగారి పద్ధతి మా ఇంట్లో పూర్తిగా అమలైనట్టే లెక్క.

రెండో పాఠం, ఎవరి పనులు వాళ్ళే చేసుకోవడం. అబ్బ, ఎంత గొప్ప పాఠమో! కుళాయి కారితే మనమే బిగించాలి, చెప్పు తెగితే మనమే కుట్టాలి, జుట్టు పెరిగితే మనమే కత్తిరించుకోవాలి. నేను వీడియో పెట్టుకుని అద్దం ముందు కూర్చుని కత్తెర పట్టాను. అద్దంలో చెయ్యి ఒకవైపు పోనిస్తే కత్తెర ఇంకోవైపు పోతుందని వీడియోలో చెప్పలేదు. మరునాడు టోపీ పెట్టుకుని బయల్దేరితే గాలికి అది కాస్తా ఎగిరిపోయింది. సరిగ్గా సెలూన్ ముందే ఎగరాలా! సెలూన్ అతను చేతిలో పని వదిలేసి వీధిలోకొచ్చాడు.

"ఎవరు సార్ ఇంత పని చేసింది? పేరు చెప్పండి, నేను మాట్లాడతా" అన్నాడు.

నేనే అనడానికి నోరు రాక, మా ఆఫీసని చెప్పాను. అతను నన్ను ఓదార్చి కూర్చోబెట్టి, మామూలు కంటే ఎక్కువ పుచ్చుకుని ఎలాగో ఒక దారికి తెచ్చాడు. విద్య నేర్చుకునేటప్పుడు ఆమాత్రం ఖర్చవదా ఏమిటి?

అసలైనది మూడో పాఠం. నేర్చుకున్నది కడుపులో దాచుకోకూడదు, పదిమందికీ పంచాలి! ప్రతి శుక్రవారం మాలో ఎవరో ఒకరు లేచి తమ ఇంటి పొదుపు చిట్కా చెప్పాలి. నచ్చితే గురువుగారు స్వయంగా చొక్కాకు 'పొదుపు రత్న' బ్యాడ్జీ తగిలిస్తారు. బ్యాడ్జీ మా కంపెనీ అట్టముక్కే, పైన బంగారు రంగు. ఎన్నాళ్ళనుంచో ఒక్క మంచిమాటైనా వినని జనం కదా మేము. ఆ అట్టముక్క కోసం చిన్నపిల్లల్లా పోటీ పడ్డాం.

మొట్టమొదట క్యాషియర్ లేచాడు. దారిలో నీళ్ళ సీసాలు కొనడం మానేసి, ఇంటినుంచే నీళ్ళు తెచ్చుకుంటున్నానన్నాడు. చప్పట్లు మోగాయి. బ్యాడ్జీ తగిలించారు. సోమవారం వచ్చి చూస్తే ఆఫీసులో మంచినీళ్ళ మిషను లేదు. అది ఉన్నచోట గోడ మీద చదరంగా తెల్లటి మచ్చ మాత్రం ఉంది. "అందరూ ఇంటినుంచి తెచ్చుకోవచ్చని మీవాడే దారి చూపించాడు కదా!" అన్నారు మేనేజర్‌గారు.

తరువాతి వారం స్టోర్స్ చూసే అక్క లేచింది. ఇంటిదగ్గర మెట్లెక్కి దిగుతుంటే మందుల ఖర్చు తగ్గిందని చెప్పింది. సోమవారానికి మా లిఫ్టుకు తాళం పడింది. ఆపై వారం ఇంకొకరు టీ మానేశానన్నారు. అందరి టీ పోయింది. మా పక్క టేబులాయన ఇంట్లో కుర్చీలు అమ్మేసి చాప మీదే కూర్చుంటున్నానని చెప్పబోయి, మేనేజర్‌గారు కుర్చీల వైపు చూడటం గమనించి, ఆఖరి నిమిషంలో మాట మార్చాడు. ఆ ఉపకారం మేము ఈ జన్మకు మర్చిపోలేం.

నేనేం తక్కువ తిన్నానా? నా వంతు రాగానే ఛాతీ విరుచుకుని నిలబడి, మా ఇంట్లో అందరం ఒక్క లైటు కిందే కూర్చుని పనులు చేసుకుంటామని చెప్పాను. పిల్ల చదువూ అక్కడే, మా ఆవిడ కుట్టుపనీ అక్కడే, నా పేపరూ అక్కడే! గురువుగారు నన్ను కావలించుకున్నారు. సోమవారానికి మా సెక్షన్లో ఒక్క లైటు మిగిల్చి తక్కినవన్నీ పీకేశారు. టేబుళ్ళన్నీ దాని కిందికి లాక్కున్నాం. ఇదివరకు మాలో మాకు పలకరింపులే ఉండేవి కావు. ఇప్పుడు క్యాషియర్ మోచెయ్యి జరిపితే తప్ప నేను బిల్లు రాయలేను. ఇంత ఐకమత్యం డబ్బు పెట్టి కొంటే వస్తుందా?

మరి మాకు బుద్ధి రాలేదా అంటే, వచ్చింది. కాస్త నెమ్మదిగా వచ్చింది. ఒక శుక్రవారం ప్యాకింగు పెద్దాయన లేచి, "మా ఇంట్లో బాత్రూము విషయంలో..." అని మొదలెట్టగానే నలుగురు ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగారు. ఆయన బ్యాడ్జీ పోయిందని వారం రోజులు మాతో మాట్లాడలేదు.

ఈలోగా మా ఆవిడ చెంప కొంచెం ఉబ్బింది. రోజూ సాయంత్రం గుడ్డ వేడిచేసి కాపుకునేది. తిండి మెత్తగా చేసుకుని ముద్ద మింగేసేది. "ఇంకెన్నాళ్ళండీ?" అని ఎప్పుడూ అడగలేదు. అడిగినా బాగుండేది.

ఏడాది తిరిగింది. జీతాల సంగతి తేల్చే రోజొచ్చింది. మేనేజర్‌గారు హాల్లో మైకు ముందు నిలబడ్డారు.

"ఏడాదిగా మీరే మీ నోటితో చెప్పారు. నీళ్ళక్కర్లేదన్నారు, టీ అక్కర్లేదన్నారు, లైట్లు అక్కర్లేదన్నారు. ఉన్న జీతంతోనే దర్జాగా బతకొచ్చని లోకానికి చూపించారు. ఇప్పుడు నేను జీతం పెంచితే ఏమవుతుంది? ఇంత కష్టపడి నేర్చుకున్న విద్య మర్చిపోతారు. ఆ పాపం మాకొద్దండీ!"

అందరం చప్పట్లు కొట్టాం. అలవాటైపోయింది మరి. నేను కూడా కొట్టాను.

ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. ఏమైందని కళ్ళతోనే అడిగింది. చొక్కాకున్న బ్యాడ్జీ చూపించాను.

"ఇది డాక్టరు తీసుకుంటాడా?" అంది.

ఆ మాటే మరునాడు ఆఫీసులో చెప్పాను. స్టోర్స్ అక్క కాసేపు ఆలోచించింది. "మనం పొదుపు చేస్తున్నామని చెప్పబట్టే కదా తమ్ముడూ ఇదంతా? ఈసారి దుబారా చెబుదాం. వీళ్ళకు ఈ జీతం చాలడం లేదని వాళ్ళకే తెలుస్తుంది" అంది. అందరికీ నచ్చింది.

శుక్రవారం వచ్చింది. క్యాషియర్ లేచి, తమ ఇంట్లో గదికో ఫ్యాను ఉందనీ, మనుషులు లేకపోయినా అవి తిరుగుతూనే ఉంటాయనీ చెప్పాడు. స్టోర్స్ అక్క చెప్పుల జతకో గొడుగు కొన్నానంది. నేను మా కుక్కకు పరుపు కొన్నామనీ, కొన్నాక మాకు కుక్క లేదన్న సంగతి గుర్తొచ్చిందనీ చెప్పాను. గురువుగారి చిరునవ్వు మొదటిసారి చెదిరింది. మంచినీళ్ళు కావాలన్నారు. ఆఫీసులో లేవు.

మేనేజర్‌గారు మాత్రం నింపాదిగా విన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ జీతంలోనే ఇంత వైభోగమా! మరింకా పెంచమని ఏ మొహం పెట్టుకుని అడుగుతున్నారయ్యా?" అన్నారు. మా దుబారాకు మందుగా పొదుపు గంటను రెండు గంటలు చేశారు. గురువుగారి ఫీజు కూడా దానికి తగ్గట్టే రెట్టింపైంది.

తాళం వేసిన లిఫ్టు పక్కనుంచి మెట్లు దిగుతూ క్యాషియర్ నా చెవిలో వేశాడు. "గురువుగారి చెక్కు రాసేది నేనే కదన్నా. మనందరికీ కలిపి అడిగిన ఇంక్రిమెంటు కంటే ఆయనకు పోయేదే ఎక్కువ."

నేను మెట్ల మీదే ఆగిపోయాను. పాఠకులారా, నాకు కోపమొచ్చింది. ఇంతసేపూ మీకు ఇన్ని కబుర్లు చెబుతున్నాను కానీ, ఆ మెట్ల మీద నాకు ఏడుపు కూడా వచ్చింది. పొదుపు తప్పని ఎవరన్నారు? మా ఆవిడ పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చేస్తున్నదే అది. పాత చీరతో దిండు గలీబులు కుట్టడం, సబ్బు అరిగిపోతే ముక్కను కొత్త సబ్బుకు అతికించడం ఆవిడకు ఏ గురువూ నేర్పలేదు. ఆవిడ మిగిల్చినదంతా ఆ పంటి తొడుగుకే అనుకున్నాం. ఆ పొదుపు సాకుతో ఆపిన డబ్బు తెల్లబూట్ల కాళ్ళ కింద ఏసీ కారులో వెళ్ళిపోతోంది.

అందుకే అనుభవం మీద ఒక్క మాట చెబుతున్నాను, రాసిపెట్టుకోండి. పొదుపు నేర్చుకోండి. పక్కింటివాళ్ళకు నేర్పండి, తోడబుట్టినవాళ్ళకు నేర్పండి, పిల్లలకు ఉగ్గుతోనే పోయండి. మీకు జీతమిచ్చేవాళ్ళ చెవిన మాత్రం పొరపాటున కూడా వేయకండి!

నిన్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మళ్ళీ లైటు వేసి చూశాడు. ఇక తొడుగు వేసినా లాభం లేదు, పీకేయాలన్నాడు. పీకడానికి ఎంతవుతుందని అడిగితే, నా జేబులో ఉన్నదే సరిపోయింది, పైగా చిల్లర కూడా మిగిలింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. కాసేపటికి మా ఆవిడ నోట్లో దూది కుక్కుకుని బయటికొచ్చింది. చెయ్యి పట్టుకుని వీధిలోకి నడిపించాను.

మలుపు దాటాక ఆవిడే ఆగింది. దూదిని నాలుకతో పక్కకు నెట్టుకుంది.

"ఏవండీ, నాకింకా ముప్ఫై ఒక్క పళ్ళున్నాయని మీ ఆఫీసులో చెప్పకండేం" అంది.