పిచ్చుక వ్యాసం దిద్దేవాళ్ళు కావలెను

ఆ ఉదయం లైబ్రేరియన్ అనుకున్నది ఒక్కటే: కాఫీ తాగి, కోర్సు మూసేసి, హాయిగా తల దువ్వుకోవాలి. ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల విజ్ఞాన సర్వస్వానికి కొత్త వాలంటీర్లను తయారుచేయడానికి ఆవిడ పాఠాలు చెప్పే ఆన్‌లైన్ కోర్సు అది. ఉచితం కదా అని వేలమంది చేరారు. ఉచితం కదా అనే వేలమందీ మానేశారు. మిగిలింది ఒక్కరు. కోర్సులో పెట్టుకున్న పేరు పిచ్చుక. ముఖం ఎవరూ చూడలేదు.

పిచ్చుక 'ఇస్త్రీపెట్టె' మీద వ్యాసం పంపి, కింద ఒక ముక్క రాసింది: "మేడమ్, నీకు రాయడమొకటా అని మా ఇంట్లో నవ్వుతున్నారు. పాసైతే చూపిస్తా." గడువు ఆ సాయంత్రమే. లైబ్రేరియన్ కాఫీ పక్కన పెట్టి నిబంధనలు తెరిచింది. వ్యాసాన్ని ముగ్గురు తోటి విద్యార్థులు దిద్ది, ముగ్గురూ పాస్ అనాలి. విజ్ఞానం అందరిదీ అంటారు గానీ, గుమ్మానికి మాత్రం ఇన్నేసి గడియలు పెడతారు!

భర్త ఎలక్ట్రీషియన్. నిచ్చెన భుజాన వేసుకుని గడప దాటబోతుంటే పట్టుకుంది.

"ఏవండీ, ఒక్క వ్యాసం దిద్ది పోండి."

"నా సంతకమే ఒకసారి పెట్టినట్టు ఇంకోసారి పెట్టలేను, నేను దిద్దడమేంటే?"

అయినా కోర్సులో చేర్చింది. దిద్దాలంటే ముందు తానూ ఒక వ్యాసం రాయాలంది కంప్యూటర్. ఆయన తల గోక్కుని 'ఫ్యూజు' మీద రాశాడు. అత్తగారు తొంగిచూసి, "వాడే రాయగా లేంది నేను రాయలేనా?" అని పాఠాలన్నీ వరసపెట్టి చదివి 'పడక కుర్చీ' మీద రాసింది. సెలూన్ బాబాయిని బతిమాలితే, సగం గీసిన గడ్డాన్ని అలాగే వదిలేసి వచ్చి 'కత్తెర' మీద రాశాడు.

హమ్మయ్య, ముగ్గురు! అనుకునేలోగా ఇంకో నిబంధన ఊడిపడింది. ఈ ముగ్గురి వ్యాసాలనూ మరెవరైనా దిద్దేదాకా వీళ్ళ మార్కులు చెల్లవు. ఒకే ఇంటివాళ్ళు ఒకరిది ఒకరు దిద్దుకోకూడదు.

బాబాయి పరిగెత్తి ఆ సగం గడ్డం మనిషినే లాక్కొచ్చాడు. ఆయన మందుల షాపాయన్ని పిలిచాడు. వచ్చినవాడల్లా రాయాలి, రాసినవాడి కోసం మరొకడు రావాలి. మధ్యాహ్నానికి ఇల్లు చాలక అందరూ లైబ్రరీకి మారితే, అక్కడా కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చుని ఫోన్లలో రాస్తూ, ఒకరినొకరు దిద్దుకుంటూ, దెబ్బలాడుకుంటున్నారు.

"నా 'దగ్గు మందు' వ్యాసాన్ని ప్రకటన అంటావా?"

"మరి అందులో మీ షాపు ఫోన్ నంబరెందుకండీ?"

సాయంత్రానికి పిచ్చుక వంతు వచ్చింది. భర్త పాస్ అన్నాడు. బాబాయి పాస్ అన్నాడు. అత్తగారు ఫెయిల్ అంది.

"అత్తయ్యా! ఇదేం పని?"

"ఇస్త్రీపెట్టెలో నిప్పులు పోసేవారని రాసింది. ఆధారమేదీ?"

"నిజమేగా! మీరే పోశారుగా!"

"పోశాను. చెయ్యి కూడా కాల్చుకున్నాను. అయితే? సొంత అనుభవం చెల్లదు, అచ్చయిన పుస్తకం చూపించాలని పాఠంలో మొత్తుకున్నదెవరమ్మాయ్? నేనా, నువ్వా?"

కోడలు గడియారం చూసింది. గడువు దాటింది. నవ్వే ఆ ఇంట్లో పిచ్చుక ఏ మొహం పెట్టుకుని తిరుగుతుందోనని కళ్ళు తుడుచుకుంటూ క్షమాపణ టైపు చేస్తుంటే, అవతలి నుంచే ముందు కబురొచ్చింది.

"మేడమ్, ఫెయిలయ్యాను. అదే ఇంట్లో చూపించాను. 'నేనూ నిప్పులు పోసినదాన్నే, అయినా ఆధారమేదీ' అని కింద రాసి, ఎవరో పెద్దావిడ నా రాతలో ప్రతి ముక్కా చదివి దెబ్బలాడిందని తెలిసి అందరూ నవ్వడం మానేశారు. మా అబ్బాయి నాతోపాటు పుస్తకం వెతుకుతున్నాడు. ఆవిడతో చెప్పండి, నేను వదలను."

అత్తగారు ఆ కబురు రెండుసార్లు చదివించుకుంది. "వదలొద్దనే చెప్పు," అంది మెల్లగా. "దొరక్కపోతే ఏ పుస్తకంలో ఉంటుందో నువ్వూ కాస్త చూడవే."

ఒక్క రోజులో వచ్చిపడ్డ వ్యాసాల గుట్ట చూసి, కోర్సు పెద్దలు బిత్తరపోయి గడువు పొడిగించారు. అత్తగారు దిద్దడం మొదలుపెట్టాక ఆ కోర్సులో ఇంతవరకూ ఒక్కరూ పాసవలేదు, ఒక్కరూ మానేయనూ లేదు.