వ్యవసాయం బాబు పిలిచాడు

సోమవారం పొద్దున్నే జగన్నాధం మంచానికి చెరోవైపు కాళ్ళు వేసి కూర్చుని, కుడిచెయ్యి పక్కకి చాపి, అరచెయ్యి నేలవైపు పెట్టి పైకీ కిందికీ ఆడిస్తున్నాడు. వంటింట్లోంచి అతని భార్య దాలమ్మ గబగబా వచ్చింది.

"ఏటి, పిలిసినారా?"

"నిన్నెవులు పిలిసినారే? నెమ్మదిగా ఎల్తన్నానని ఎనకోలికి సైగ. రూల్సు బుక్కులో ఇలాగే ఉన్నాది."

"బుక్కులో ఎలాగున్నా, సూసినోలికి రమ్మన్నట్టే ఉన్నాది."

బుక్కు చదవని మనిషి మాట ఏం లెక్క అనుకున్నాడు జగన్నాధం.

వ్యవసాయ శాఖలో అతనిది ఊరూరా తిరిగి కొత్తరకం వరి విత్తనాలు పంచే ఉద్యోగం. నరసన్నపేట చుట్టూ ముప్ఫై ఊళ్ళు నడిచి నడిచి మోకాళ్ళు వాచిపోయాయి. ఇన్నాళ్ళకి ఆఫీసుకి ఒక్క మోటారు సైకిలు వచ్చింది. అతనికీ, తోటి ఉద్యోగి లక్ష్మణరావుకీ ఆవేళే బ్రేకు ఇనస్పెక్టరు దగ్గర లైసెన్సు పరీక్ష. ఇద్దరూ నెగ్గితే బండి సీనియరైన జగన్నాధానిదే.

"కల్వర్టు దాకా వెళ్ళి, తిరిగి ఈ బంగళాలోకి రండి," అన్నాడు ఇనస్పెక్టరు, సర్కారు బంగళా వరండాలో కుర్చీ వేసుకుని.

జగన్నాధం చక్కగా వెళ్ళాడు, చక్కగా తిరిగాడు. సంత దగ్గర జనాన్ని చూసి వేగం తగ్గించి, బుక్కులో ఉన్నట్టే చెయ్యి ఆడించాడు. వెనక ఎడ్లబండి తోలుతున్న రైతు నూకయ్య అది చూశాడు.

"ఒరే, యవసాయం బాబు రమ్మంటన్నాడు! ఇత్తనాలొచ్చినట్టున్నాయి!" అని ఎడ్లని అదిలించాడు.

ఆ మాట సంతంతా పాకింది. బంగళా వైపు ఎడమకి తిరగాలి కనక జగన్నాధం చెయ్యి గుండ్రంగా తిప్పాడు.

"అందర్నీ పోగవమంటన్నాడ్రా!"

బంగళా ఆవరణలోకి మోటారు సైకిలు వెనక నాలుగు బళ్ళు, ఖాళీ సంచులతో నలభైమంది వచ్చిపడ్డారు. కంగారుపడి జగన్నాధం ఆగమన్నట్టు చెయ్యి నిటారుగా ఎత్తాడు. విత్తనాలు కావలసినవాళ్ళు చేతులెత్తాలి కాబోలని నలభైమందీ ఎత్తారు. ఆ తోపులాటలో ఇనస్పెక్టరు కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు.

"ఎవడయ్యా మిమ్మల్ని పిలిచింది?"

"ఈ బాబే! సెయ్యూపి మరీ పిలిసినాడు," అన్నాడు నూకయ్య అభిమానంగా.

"అది సైగ సార్, బుక్కులో..."

"బండి నడపమంటే జాతర చేస్తావా? మళ్ళీ ఆరు నెలల తరవాత రా, ఫో!"

తరవాత లక్ష్మణరావు బండెక్కాడు. హారను మీంచి వేలు తియ్యకుండా, ఎవడికీ ఏ సైగా చెయ్యకుండా దూసుకుపోయి దూసుకొచ్చాడు. జనం ప్రాణాలు దక్కించుకుని పుట్టకొకరు చెట్టుకొకరు అయ్యారు.

"అదీ నడపడమంటే! హేండిలు మీంచి చెయ్యి తీశాడా?" అని ఇనస్పెక్టరు అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు. ఆవేళ ఆ రోడ్డు మీద బండి నడపడం తెలిసినవాడు ఒక్కడే. వాడు ఇంటికి నడిచి వెళ్ళాడు.

నెల తిరక్కుండానే లక్ష్మణరావు చెప్పాపెట్టకుండా కుడివైపుకి తిప్పి నూకయ్య బండికి అడ్డంపడ్డాడు. లక్ష్మణరావుకి భుజం ఎముక విరిగింది. ఎద్దుకి కాలు విరిగింది. ఎముక అతుక్కుంటుంది. ఆ ఎద్దు మాత్రం మళ్ళీ కాడి కిందికి రాలేదు. పొలాలు దమ్ము చేసే రోజుల్లో ఒంటెద్దుతో నూకయ్య ఏం చేస్తాడని ఆఫీసులో ఒక్కడూ అడగలేదు.

జగన్నాధం అయ్యో అనుకున్నాడు. ఇక బండి తనకే వస్తుందనీ అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. మూడోనాడు పైఆఫీసు నించి కాగితం వచ్చింది.

"బండి మనకేనా?" అంది దాలమ్మ.

అతను పైకి చదివాడు. లైసెన్సు ఉన్నవాడు లక్ష్మణరావు ఒక్కడే కనక, కోలుకున్నాక బండి అతనిదేనట. ఇటీవలి ప్రమాదం దృష్ట్యా, నిబంధనలు కంఠతా వచ్చిన జగన్నాధం ముప్ఫై గ్రామాల్లోనూ మోటారు సైకిలు జాగ్రత్తల మీద ఉపన్యాసాలు ఇవ్వాలట.

ప్రయాణం కాలినడకన.