పాకాల లావెండరు తుమ్ము

ఓ నాసికాదేవీ! ముఖమండలమధ్యసింహాసనస్థితా! ఉచ్ఛ్వాసనిశ్వాసద్వారపాలినీ! మల్లెమూరకు మురిసి, మాడిన పోపుకు మండిపడి, ఒక్క విదిలింపుతో కదలబోయే బండిని కట్టేసినట్టు నిలబెట్టగల తల్లీ! నీ ప్రతాపమే చెప్పబోతున్నాను. కథ ముగిసేదాకా కాస్త నిబ్బరించుకో.

ఆడినెల రేపు పుడుతుందనగా, బుధవారం పొద్దున, తిరుపతి రైలు దిక్కులు పిక్కటిల్లేలా కూతవేసి పాకాల జంక్షను విడిచిన శుభవేళ, రైల్వేగేటు అవతలి వీధిలో, ఒక బాడుగ ఇంటి ముంగిట, మంచపుకోళ్లు శూలాలుగా, బోర్లించిన బక్కెట్లు శిరస్త్రాణాలుగా, చుట్టిన చాపలు ధ్వజాలుగా, పిండి రుబ్బే గ్రైండరు గదాదండంగా ధరించి, ఎల్లప్ప అనే సారథి నడిపే చిన్నలారీ సమరసన్నద్ధమై నిలిచి ఉంది.

గమ్యం తిరుచానూరు. అక్కడి కొత్త బాడుగింట్లో మధ్యాహ్నం రాహుకాలం తగలకముందే పాలు పొంగాలి. ఈ పూట తప్పిందా, ఆడిలో ఇల్లు మారరు గనుక, నెల పొడుగునా మూటల మధ్యే కాపురం. ఒక్క గరిటె కావాలన్నా అట్టపెట్టెల పొట్టలు కోయాలి.

ఈ సేనకు నాయకురాలు జయంతి. తిరుచానూరు లాడ్జి ఉద్యోగానికి తెల్లారకముందే రైలెక్కీ ఎక్కీ విసిగిన వీరనారి. టేపుచుట్టలే కంకణాలుగా, కత్తెరే కరవాలంగా అట్టపెట్టెల అక్షౌహిణిని జయించిన ధీర. ఆ పోరులో ఆమె శిరస్సు లోపల డప్పులు మోగుతుంటే చూసి, లాడ్జిలో తోటి ఉద్యోగిని లోహిత ఉపదేశం చేసింది: "అక్కా, ఇల్లు మారేటప్పుడు తల పగిలిపోతాది. లావెండరు నూనె ఒక సుక్క చేతిగుడ్డకు రాసుకోని పీల్చు. నిమ్మగడ్డి నూనె మూలమూలా సల్లు. లారీలో కడుపు తిప్పితే పుదీనాది. మనసు సల్లబడకపోతే నన్నడుగు!"

మూడు సీసాలూ తెచ్చుకుంది జయంతి. డప్పులు నిజంగానే సద్దుమణిగాయి. అంతటితో ఆగి ఉంటే ఈ గాథే లేదు. బియ్యంమూట భుజాన వేసుకుని, బుసలు కొడుతూ, కనిపించిన ప్రతి పెట్టెనూ తిడుతూ వస్తున్న భర్త మునిప్రసాదును చూసి ఆమె హృదయం ద్రవించింది. అతని తువ్వాలు మీద రెండు చుక్కలు విదిల్చింది. అతడు కుడికాలు గడప దాటించాడు. ముక్కుపుటాలు వణికాయి.

"హా... ఛ్!"

ఒకటే. ఒక్కగానొక్కటి.

"ఆగండి!" అని అరుగు మీదినుంచి గర్జించింది జయంతి అత్తగారు వరదమ్మ. బల్లిపాటు, పిల్లియెదురు, కాకికూత మొదలైన సకలశకునసంహితలను నాలుక చివర నిలుపుకున్న న్యాయాధిపతి. "గడప దాటతా ఒంటితుమ్ము! కాలు ఎనక్కి తియ్ రా పెసాదూ!"

"కూర్చోని గుక్కెడు నీళ్లు తాగి బయల్దేరితే పోలేదా అత్తా?" అంది జయంతి.

"మీ మామ అట్లే తాగి బయల్దేరినాడు మే! కాట్పాడికని రైలెక్కి ఎదురుదిక్కున ధర్మవరంలో దిగినాడు. నీళ్లు ఏం జేసినాయి? ఒంటితుమ్ముకు జంటతుమ్మే మందు. రెండోది పడితే శుభం. పడకపోతే సామాన్లు దించుకోండి."

"అవ్వా, నా దగ్గర పొడుముండాది. సిటికెడు పీలిస్తే సాలు," అన్నాడు ఎల్లప్ప, లారీ కిటికీలోంచి.

"పొడుం తుమ్ము తుమ్మా అబ్బా? అది పిలిపించుకున్న సుట్టం! మొదటిది ఏ వాసనకొచ్చిందో ఆ జాతి వాసనకే రెండోదీ రావాల!"

తీర్పు వెలువడింది. జయంతి చీరకొంగు బిగించింది. లావెండరాస్త్రాన్ని మరల సంధించింది. మునిప్రసాదు పీల్చాడు. కనుబొమ్మల ముడి వీడింది. భుజాలు దిగాయి.

"తుమ్మొస్తాందా?"

"లేదు జయంతీ. ఎంత హాయిగా ఉండాదో! ఆడినెలంతా ఈ అరుగు మీదనే ఉండమన్నా ఉంటా."

అయ్యో, అప్పజెప్పిన పని చేయవలసిన అస్త్రం తన అసలు పని చేసి కూర్చుంది! జయంతి నిమ్మగడ్డి నూనె ప్రయోగించింది. అంతవరకూ శత్రువులా తిట్టిన గ్రైండరుకే తల ఆనించి, లోకక్షేమాన్ని కాంక్షించే మునిలా చిరునవ్వు నవ్వుతూ కునికాడు మునిప్రసాదు.

"అక్కా, యాలైపోతాంది," అన్నాడు ఎల్లప్ప. "చంద్రగిరి కాడ బండ్లు నిలిచిపోతే రాహుకాలం మనకంటే ముందే పోయి ఆడ కూర్చోనుంటాది."

పొద్దు కొబ్బరిచెట్టు తల దాటింది. జయంతి శిరస్సులో డప్పులు మళ్లీ మొదలయ్యాయి. ఒక అరుపు గొంతుదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగి, తన చేతిగుడ్డను ముక్కుకు ఆనించుకుని, కళ్లు మూసుకుని నిండుగా పీల్చింది. డప్పులు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో, ఉషఃకాలపు తొలికిరణంలా, ఒక యుద్ధతంత్రం మెరిసింది.

మూడో సీసా తీసింది. భర్త వైపు పోలేదు. అరుగు దగ్గరికి పోయి, ఎంతో వినయంగా మూత తిప్పి పట్టుకుంది.

"అత్తా, ఇది పుదీనాది. నీ కొడుకు తుమ్మినాక, ఇది ఆ జాతి వాసన గాదు పొమ్మంటే నేనేం జేసేది? ముందే నువ్వు సూసి సెప్పు."

వీధి చివరింట్లో పప్పు అడుగంటితే ఇక్కడినుంచే పసిగట్టే నాసిక వరదమ్మది. అలాంటి ముక్కును సాక్ష్యానికి పిలిస్తే కాదంటుందా? సీసా అందుకుంది. ఏళ్ల తరబడి కాఫీ డికాషన్లనూ కొత్త ఆవకాయలనూ విచారించిన పద్ధతిలో, గుండెల నిండుగా, ఒక్క దీర్ఘాకర్షణం.

మొదట కళ్లు పెద్దవయ్యాయి. పిదప ముక్కుపుడక అదిరింది. అప్పుడు, ప్రళయకాలఝంఝామారుతం గుహాముఖం నుంచి వెలువడినట్టు, గేటు మీది కాకులు చెదిరేట్టు, ఎల్లప్ప చెయ్యి దానంతటదే హారను మీద పడేట్టు...

"హా... హా... హాఛ్!!"

మునిప్రసాదు మేలుకున్నాడు.

జయంతి నెమ్మదిగా అడిగింది: "అత్తా, ఇది ఒంటితుమ్మా, జంటతుమ్మా?"

ఆహా, ఆ క్షణాన వరదమ్మ పడిన ధర్మసంకటం! ఒంటిదంటే అపశకునం తన ముక్కులోనే పుట్టినట్టు. మూటలు దించవలసిన పాపం తన నెత్తినే పడుతుంది. కోడలి ముఖంలోకి చూసింది. కోడలు ఆకాశంలోకి చూసింది. వరదమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని లేచి నిలబడింది.

"జంటది గాక ఇంకేంది మే? వాడు నా కడుపున పుట్టినోడు. తల్లీబిడ్డలది ఒకే ముక్కు! సూస్తా నిలబడినారేంది, ఎక్కండి బెరీన!"

లారీ గర్జించింది. గేటు దాటిందో లేదో, మూటల శిఖరం మీదినుంచి మునిప్రసాదు గొంతున మరొకటి వినబడింది: "హా... ఛ్!"

ఎల్లప్ప కాలు బ్రేకు మీదికి పోయింది. "అవ్వా..."

"అది లారీది. పోనీ," అంది వరదమ్మ, కొండల వైపు చూస్తూ. కాసేపటికి కోడలి వైపు చెయ్యి చాచింది. "మే, ఆ మొదటి సీసా ఇట్ల దే. నాక్కూడా తలకాయ నొస్తాంది."

చంద్రగిరి రాకముందే అత్తగారి తల కోడలి భుజానికి ఒరిగింది.

ఆ విధంగా, రాహువు తిరుచానూరు పొలిమేర తొక్కకముందే, కొత్త పొయ్యి మీద కొత్త గిన్నెలో గుక్కెడు పాలు తూర్పుకు పొంగి, బండ మీద అరచేతి మేర పారాయి. ఆ అరచేతి మేర రాజ్యాన్ని జయంతి మసిగుడ్డతో తుడిచి స్వాధీనం చేసుకుంది. జయము, జయము! తుమ్మిన ముక్కులకూ, తుమ్మును లెక్కపెట్టని చెవులకూ శుభమగుగాక!